పర్లాకిమిడి ఇంజన్లు, వాటి నీళ్లు

మా చిన్న మావయ్య నౌపడ – గుణుపురం చిన్న రైల్లో ఫైర్‌మన్. ఊళ్లో ఎవరైనా "బొగ్గు వేసే ఉద్యోగమేనా?" అని అడిగితే ఆయనకి నచ్చేది కాదు. "బొగ్గు ఎవరైనా వేస్తారు. నీళ్లు చూడ్డం నా ఉద్యోగం" అనేవాడు. మా నాన్న రైసుమిల్లు ఇంజన్ నడిపేవాడు. ఆయనదీ ఇంచుమించు అదే మాట. పండక్కి మావయ్య మా ఇంటికొచ్చి, రాత్రి భోజనాలయ్యాక బావాబామ్మర్దులిద్దరూ అరుగు మీద కూర్చుంటే, ఏ నూతి నీళ్లు మంచివి, ఏ నీళ్లకి బాయిలర్లో పొర కడుతుంది, ఈ వేసవికి చెరువు ఎంతవరకు దిగుతుంది అనే మాట్లాడుకునేవాళ్లు. ఇంజనంటే నిప్పు, పొగ, చప్పుడు అనుకునే వయసు నాది. ఆ వయసులోనే వాళ్లిద్దరూ నా చూపుని నీళ్ల వైపు తిప్పారు. అది ఇప్పటికీ అటే ఉంది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగూ ఒడియా రెండూ, కొండ దిగి సంతకొచ్చే సవరలతో వాళ్ల మాటలు నాలుగైదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. చుట్టాలు రెండు వైపులా ఉన్నారు. పెళ్లికీ పురిటికీ చావుకీ అటూ ఇటూ తిరగడానికి మాకున్నది ఆ చిన్న రైలు.

ఆ లైను పర్లాకిమిడి మహారాజావారు వేయించింది. మద్రాసు – కలకత్తా పెద్ద లైను నౌపడ మీదుగా పోతుంది. అక్కణ్ణుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా మా ఊరికి నలభై కిలోమీటర్లు. 1900లో బండి నడవడం మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. ఆ తర్వాత 1929, 1931 మధ్య కాశీనగరం మీదుగా గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం తొంభై కిలోమీటర్లు. పెద్ద లైను మీద పోయే మెయిలు ముందు మా బండి మరీ చిన్నది. అయినా మా వైపు ధాన్యం, చింతపండు, వెదురు, కొండల్లోంచి వచ్చే పసుపు, అన్నిటికీ అదే దారి. బండి వచ్చే వేళకి స్టేషన్ బయట జట్కాలు, రిక్షాలు బారులు తీరేవి. పాతపట్నం నుంచి పాలబిందెలతో వచ్చేవాళ్లు బండి పూర్తిగా ఆగకముందే దిగిపోయేవాళ్లు.

నేను మాత్రం స్టేషన్‌కి వెళ్తే ప్లాట్‌ఫారం చివరికి నడిచేవాణ్ణి. అక్కడ ఇంజన్‌కి నీళ్లు పట్టేవారు. ఇనప స్తంభానికి అడ్డంగా ఒక లావు గొట్టం, దాని చివర తోలు తొడుగు. మావయ్య ఇంజన్ మీదికెక్కి, మూత తీసి, ఆ తొడుగు లోపలికి దించి, కింద ఉన్నవాడికి చెయ్యి ఊపేవాడు. నీళ్లు పడే చప్పుడు మొదట బోలుగా ఉండి, టాంకు నిండేకొద్దీ చిక్కబడేది. మావయ్య టాంకులోకి చూసేవాడు కాదు. వేరే వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ, చప్పుడు మారగానే చెయ్యెత్తేవాడు. బొగ్గు వేయించుకోవడానికి కూడా అంత శ్రద్ధ చూపించగా నేను చూడలేదు.

ఒకటి రెండుసార్లు, బండి షంటింగ్‌లో ఉన్నప్పుడు, డ్రైవరుగారు ఒప్పుకుంటే నన్ను పైకి ఎక్కించుకున్నాడు. లోపల వేడి మొహానికి కొట్టింది. నేను నేరుగా పొయ్యి తలుపు వైపు చూశాను. అందరు పిల్లలూ అటే చూస్తారు. మావయ్య నా తల పట్టుకుని పక్కకి తిప్పాడు. కళ్ల ఎదురుగా నిలువుగా ఒక గాజు గొట్టం. లోపల సగం వరకు నీళ్లు, బండి కదిలినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతున్నాయి.

"ఇదిగో, ఇది సూడు అల్లుడూ. నిప్పు తగ్గితే బండి ఆగిపోద్ది. నీళ్లు తగ్గితే మనం ఉండం."

ఎందుకు ఉండమో నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. బాయిలర్ లోపల పొయ్యి చుట్టూ, పొయ్యి పైకప్పు మీద కూడా నీళ్లే ఉంటాయి. ఆ రేకుకి కింద మంట తగులుతున్నా పైన నీళ్లున్నంత సేపూ ఏమీ కాదు, వేడిని నీళ్లు లాగేసుకుంటాయి. నీటిమట్టం దిగి ఆ కప్పు బయటపడితే రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. పైన ఆవిరి ఒత్తిడి ఉంది కదా, ఇక ఆగదు, రేకు లోపలికి కుంగి చిరుగుతుంది. అసలు ప్రమాదం ఆ చిరుగు తర్వాత వస్తుంది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. చదరపు సెంటీమీటరుకి పది కేజీల ఒత్తిడిలో ఉన్న బాయిలర్లో సుమారు 180 డిగ్రీలకి గానీ మరగవు. ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతే, అంత వేడి మీదున్న నీళ్లలో కొంత భాగం క్షణంలో ఆవిరైపోతుంది. బయటి గాలి ఒత్తిడి దగ్గర ఒక గిన్నెడు నీళ్లు ఆవిరైతే పదహారు వందల గిన్నెల చోటు పైనే కావాలి. ఆ చోటు కోసం అది అడ్డమొచ్చిన దాన్నల్లా తోసేస్తుంది.

అందుకే పొయ్యి కప్పులో సీసం నింపిన బిరడా ఒకటి పెడతారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్లు దిగిపోతే ముందు ఆ సీసం కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూకి, మనిషికి తెలియజేస్తుంది. తన ఇంజన్లో ఆ బిరడా ఒక్కసారి కూడా కరగలేదని మావయ్య చాలా గర్వంగా చెప్పుకునేవాడు. అది కరిగితే ఫైర్‌మన్ కొలువుకి మచ్చ.

మరి ఒత్తిడితో ఉన్న బాయిలర్లోకి, బండి నడుస్తుండగా కొత్త నీళ్లు ఎలా పోస్తారు? ఈ ప్రశ్న అడిగిన రోజు మావయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు బహుమానమే. అందుకు ఇంజెక్టర్ అనే చిన్న ఇత్తడి పరికరం ఉండేది. దాంట్లో తిరిగే భాగం, కొట్టుకునే భాగం ఏదీ లేదు. బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరే దాంట్లోంచి సన్నని మూతి గుండా మహా వేగంగా దూకుతుంది. అక్కడ చల్లటి నీళ్లు తగులుతాయి. ఆవిరి ఆ నీళ్లలో కలిసిపోతూ తన వేగాన్ని వాటికి ఇచ్చేస్తుంది. ఆ నీటిధార ముందుకి పోయేకొద్దీ వెడల్పయ్యే గొట్టంలో నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదించడంలో వేగమంతా ఒత్తిడిగా మారుతుంది. ఆ ఒత్తిడి బాయిలర్లో ఉన్న ఒత్తిడి కన్నా ఎక్కువవుతుంది, నీళ్లు లోపలికి పోతాయి. బాయిలర్ ఆవిరే బాయిలర్‌ని గెలిచి దానికి నీళ్లు తాగిస్తుంది. 1858లో ఫ్రాన్సులో హెన్రీ గిఫార్డ్ అనే ఆయన కనిపెట్టాడు. అంతకు ముందు 1852లోనే ఆవిరి ఇంజన్ కట్టిన గాలినౌకలో ఎగిరిన మనిషి. నాకు తెలిసిన యంత్రాల్లో ఇంత అందమైనది మరొకటి లేదు.

దానికీ ఒక పేచీ ఉంది. లోపలికి వచ్చే నీళ్లు చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ఆవిరి సరిగా కలవదు, ఇంజెక్టర్ "పట్టదు". మా ఇంజన్లకి నీళ్ల టాంకు ఇంజన్ ఒంటికే ఉండేది. మే నెలలో, మా వైపు ఎండల్లో, పక్కన బాయిలర్ సెగకి టాంకులో నీళ్లు వేడెక్కిపోయేవి. అలాంటి రోజుల్లో మావయ్య టాంకు అడుగంటే దాకా ఆగకుండా వీలున్న ప్రతి చోటా చల్లనీళ్లు కలిపించుకునేవాడు. ఇంజెక్టర్ పట్టినప్పుడు ఒక సన్నటి ఈలలాంటి చప్పుడు వస్తుంది. పట్టకపోతే నీళ్లూ ఆవిరీ కలిసి పక్క గొట్టంలోంచి పట్టాల మీదికి కక్కుతాయి. అత్తయ్య చెప్పేది, మే నెలలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకున్నాక కూడా నిద్దట్లో "పట్టింది, పట్టింది" అనేవాడట.

నీళ్లలో ఉప్పూ సున్నమూ ఉంటే ఇంకో బాధ. మరిగి మరిగి లోపల గొట్టాల మీద గట్టి పొర కడుతుంది. పొయ్యి వేడి సరిగా నీళ్లకి చేరదు, బొగ్గు ఎక్కువ కాలుతుంది, రేకు పాడవుతుంది. అందుకని వాయిదా ప్రకారం ఇంజన్‌ని నౌపడ షెడ్డులో చల్లార్చి, అడుగు బిరడాలు విప్పి, లోపలంతా కడిగేవాళ్లు. నౌపడ అంటే చుట్టూ ఉప్పు మడులు. ఆ తెల్లటి కుప్పల పక్కన నిలబడి మంచినీళ్ల కోసం ఆలోచించే ఇంజన్లు! మావయ్య ఆ బాయిలర్ అడుగు నుంచి వచ్చిన పొర ముక్క ఒకటి నాకు తెచ్చిచ్చాడు. పెంకు మందాన బూడిదరంగులో ఉండేది. స్కూలుకి పట్టుకెళ్లి లెక్కల మాస్టారికి చూపించాను. ఆయన దాన్ని క్లాసంతా తిప్పి, ఇంట్లో కాఫీ గిన్నె అడుగున కట్టేది కూడా ఇదేనని చెప్పారు.

చలికాలంలో పొయ్యి తలుపు దగ్గర పార మీద చిలగడదుంపలు కాల్చేవాడు మావయ్య. వాటి రుచి గురించి నేను రాయలేను.

ఇంజన్ పుట్టిందే నీళ్లు తోడటానికి అని కాలేజీలో చదువుకున్నప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఇంగ్లండులో బొగ్గు గనుల్లోకి నీళ్లు ఊరి పని ఆగిపోయేది. 1712లో థామస్ న్యూకొమెన్ అనే ఇనప సామాన్ల వ్యాపారి, ఆ నీళ్లు తోడే ఆవిరి ఇంజన్ నిలబెట్టాడు. అందులో ఆవిరి పిస్టన్‌ని తోసేది కాదు. సిలిండర్ నిండా ఆవిరి నింపి, లోపలికి చన్నీళ్లు చిమ్మేవాళ్లు. ఆవిరి చటుక్కున నీళ్లయి లోపల ఖాళీ ఏర్పడేది. అప్పుడు పైనున్న మామూలు గాలి బరువే పిస్టన్‌ని కిందికి తొక్కేది. ప్రతి సారీ సిలిండర్‌ని వేడి చేసి, మళ్లీ చల్లార్చి, మళ్లీ వేడి చేయడంలో బొగ్గు విపరీతంగా పోయేది. చల్లార్చే పనిని వేరే పాత్రలో పెట్టుకుందాం అని 1765లో జేమ్స్ వాట్‌కి తట్టింది, 1769లో పేటెంటు తీసుకున్నాడు. కెటిల్ మూత ఎగరడం చూసి వాట్ ఆవిరి ఇంజన్ కనిపెట్టాడని మాకు చిన్నప్పుడు చెప్పిన కథ కన్నా ఈ నిజం ఎంత బాగుందో చూడండి. గని కూలీల కాళ్ల కింద నీళ్లు, దాని కోసం ఇంజన్. గాలి బరువు సంగతి గుర్తుపెట్టుకోండి, ఫైరింజన్ దగ్గర మళ్లీ వస్తుంది.

మా నాన్న ఇంజన్ కదలని ఇంజన్. మిల్లులో వెనక కొట్లో ఉండేది. మనిషి కన్నా ఎత్తు చక్రం, దాని మీంచి తోలు బెల్టు, ఆ బెల్టు గోడ కన్నంలోంచి మిల్లులోకి పోయి పైన ఇనప షాఫ్టు తిప్పేది. ఆ షాఫ్టు నుంచి ఇంకా నాలుగైదు బెల్టులు కిందికి దిగి, హల్లర్లూ జల్లెళ్లూ ఎలివేటరూ అన్నిటినీ నడిపేవి. బాయిలర్‌కి బొగ్గు అక్కర్లేదు. ధాన్యం ఆడిన ఊకే మేత. మా వైపు ఉప్పుడు బియ్యం తినేవాళ్లు ఎక్కువ. ధాన్యం ఉడకబెట్టడానికీ ఆవిరే కావాలి. ఊక కాల్చి, ఆ ఆవిరితో ధాన్యం ఉడికించి, ఆ ఆవిరితోనే మిల్లు తిప్పి, వచ్చిన ఊక మళ్లీ కాల్చేవాళ్లు. బయటి నుంచి కావలసింది ధాన్యం, నీళ్లు, రెండే. ఈ లెక్క నాన్న అందరికీ చెప్పేవాడు. ఇప్పుడు పెద్ద పెద్ద ఇంజనీర్లు పొదుపు గురించి మాట్లాడుతుంటే నాకు మా ఊక పొయ్యే గుర్తొస్తుంది.

నాన్న పొద్దున్నే మిల్లుకి వెళ్లగానే చొక్కా విప్పి మేకుకి తగిలించి, ముందు గాజు గొట్టం చూసేవాడు. చూడటమే కాదు, కింద కొళాయి విప్పి, అందులో నీళ్లు పోనిచ్చి, మళ్లీ మట్టం లేస్తుందా లేదా అని చూసేవాడు. గొట్టం దారి మూసుకుపోతే గాజులో నీళ్లు కనబడతాయి గానీ బాయిలర్లో ఉండవు. "కనబడ్డ నీళ్లని నమ్మకు, కదిలిన నీళ్లని నమ్ము" అనేవాడు. నిప్పు ఆ తర్వాతే.

ఏడాదికోసారి బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు. 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం ఆ పరీక్ష అయితేనే మిల్లు నడవాలి. దానికి ముందు వారం మిల్లు ఆపి, నాన్నా ఇద్దరు కుర్రాళ్లూ బాయిలర్లోకి దూరి పొర గీకేవాళ్లు. షావుకారు రోజుకి పదిసార్లు వచ్చి ఎప్పుడవుతుందని అడిగేవాడు. ఆ వారమంతా ఇంట్లో టెన్షనే, అమ్మ నాన్నతో ఏ విషయమూ ఎత్తేది కాదు. పరీక్షలో బాయిలర్ నిండా నీళ్లు నింపి, నీళ్ల ఒత్తిడితోనే పరీక్షించేవాళ్లు. ఆవిరి పనిచేసే ఒత్తిడి కన్నా ఎక్కువ పెట్టి, ఏ అతుకు చెమర్చినా పట్టుకునేవాళ్లు. నీళ్లెందుకంటే, అవి నొక్కితే పెద్దగా కుదించుకుపోవు. ఒకవేళ అతుకు తెగినా ఓ ధార చిమ్మి ఒత్తిడి పడిపోతుంది, పేలదు. మనుషుల ప్రాణాల మీద ఇంత గౌరవం ఉన్న పరీక్షని ఎవరు మొదట ఆలోచించారో గానీ ఆయనకి నమస్కారం.

తర్వాత కరెంటు మోటారు వచ్చింది, నాన్న స్విచ్చు నొక్కే ఉద్యోగంలోకి మారాడు. బాయిలర్‌ని ముక్కలు కోసి తూకానికి అమ్మేశారు. ఆ వేళ నాన్న ఇంట్లోనే ఉండిపోయాడు.

పొలాల్లోకి వచ్చిన డీజిల్ ఇంజన్ల గురించి ఎక్కువ చెప్పను, అవి అందరూ చూసినవే. వంశధార పక్క లంకల్లో, కాశీనగరం వైపు, ఐదు హార్సు పవర్ ఇంజన్లు రాత్రంతా కొట్టుకునేవి. వాటికి నిప్పు పెట్టక్కర్లేదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలే వేడెక్కి, చల్లిన నూనె అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1890లలో సాధించిన పని అది. అయినా వాటి బతుకూ నీళ్ల మీదే. పంపు తోడిన నీళ్లలోంచే ఒక సన్న గొట్టం ఇంజన్ తొడుగులోకి పోయి, వేడి తీసుకుని బయటికి వచ్చేది. ఆ గొట్టంలోంచి వచ్చే ధార కింద చెయ్యి పెట్టి రైతు ఇంజన్ బాగుందో లేదో చెప్పేవాడు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి కాలితే ఆపెయ్యాలి. పంపు ఎక్కకపోతే పైనుంచి బిందెలతో నీళ్లు పోయాలి. గొట్టం అడుగు చివరుండే ఫుట్‌వాల్వ్ కారుతుంటే పేడ కలిపిన నీళ్లు పోసేవాళ్లు, ఆ పేడ సందుల్లో పట్టి నీళ్లు కిందికి జారనిచ్చేది కాదు. ఏ పుస్తకంలోనూ లేని వైద్యం. పనిచేసేది.

ఇక ఫైరింజన్.

1829లో ఇంగ్లండులో రెయిన్‌హిల్ అనే చోట రైలింజన్ల పోటీ జరిగింది. స్టీఫెన్‌సన్ రాకెట్ గెలిచిందని అందరికీ తెలుసు. ఓడిపోయిన వాటిలో నావెల్టీ అని ఒకటుంది. తయారు చేసింది బ్రెయిత్‌వైట్, ఎరిక్సన్ అనే ఇద్దరు. ఆ ఇద్దరే ఆ ఏడాదే లండన్‌లో ఆవిరితో నీళ్లు చిమ్మే మొదటి ఫైరింజన్ కూడా కట్టారు. అంటే ఫైరింజనూ రైలింజనూ ఒకే చేతుల్లో పెరిగినవి. అప్పటిదాకా మంటలు ఆర్పే పంపుని మనుషులు రెండు వైపులా నిలబడి చేతులతో కొట్టేవాళ్లు, అలిసిపోతే ధార పడిపోయేది. నిప్పుతో నడిచి నిప్పు ఆర్పే యంత్రం అలా వచ్చింది.

మా వైపు ఊళ్లలో అప్పట్లో తాటాకు ఇళ్లు, గడ్డి కప్పులే ఎక్కువ. డెబ్భైల చివర ఒక వేసవిలో, మిట్టమధ్యాహ్నం, పర్లాకిమిడికి దగ్గర్లోని ఒక పల్లెలో అంటుకుంది. ఆ ఊళ్లో మా మేనత్త ఇల్లుంది. సైకిలు మీద కబురొచ్చింది. నాన్న మిల్లు లుంగీతోనే బయల్దేరాడు, నేను వెనక కూర్చున్నాను. దూరం నుంచే పొగ కనబడింది. ఊళ్లోకి వెళ్లేసరికి ఒక వీధి వీధంతా మండుతోంది. "నిప్పు, నిప్పు" అని కొందరు, ఒడియాలో "నియా, నియా" అని కొందరు, పిల్లల ఏడుపులు, తాళ్లు తెంచుకున్న పశువులు. నుయ్యి దగ్గర వరసగా నిలబడి బిందెలు అందిస్తున్నారు. ఆ నీళ్లు మంట దాకా చేరేవి కావు, సెగకి మనిషి దగ్గరికి పోలేడు.

ఫైరింజన్ వచ్చింది. దాని గంట వినగానే జనం దారి ఇచ్చారు. సిబ్బంది గొట్టాలు పరిచిన తీరు నేను మర్చిపోలేదు, ఒక్క మాట అరుపు లేదు. మొదటి ధార పడగానే ఒక ఇంటి మంట నల్లబడింది. ఆ బండిలో పట్టేది 4,500 లీటర్లు. వినడానికి చాలా పెద్ద లెక్క. రెండు గొట్టాలు వదిలితే కొన్ని నిమిషాలే. అయిపోయింది. ధార సన్నబడి, నేల మీదికి వంగి, ఆగింది. అప్పుడు ఆ వీధిలో వచ్చిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బండిని చెరువు దగ్గరికి నడిపించారు. ఈ పంపు సంగతి కొంచెం చెప్పాలి. లారీ ఇంజనే ఆ పంపుని తిప్పుతుంది. లోపల రెక్కల చక్రం నీళ్లని బయటికి విసురుతుంది. కానీ అది గాలిని విసరలేదు. ముందు గొట్టంలో గాలి తీసేయాలి. గాలి తీసేస్తే చెరువు మీదున్న గాలి బరువే నీళ్లని గొట్టంలోకి తోస్తుంది. న్యూకొమెన్ పిస్టన్‌ని తొక్కిన గాలే ఇది. ఆ బరువు నీళ్లని పది మీటర్ల పైచిలుకు ఎత్తు దాకా లేపగలదని లెక్క, చేతల్లో ఏడు మీటర్లు దాటితే కష్టం. ఎక్కడైనా చిన్న సందులోంచి గాలి దూరితే నీళ్లు ఎక్కవు.

చెరువు వేసవికి బాగా దిగిపోయింది. నీళ్లు మోకాలి లోతు, కింద బురద. గొట్టం చివరి జల్లెడ సగం నీళ్లలో, సగం పైన. పంపు తిప్పితే గుర్రుగుర్రుమని గాలి పీలుస్తోంది, కాస్త దించితే బురద లాగుతోంది. నాన్న బురదలోకి దిగాడు. చెరువులోనే ఒక గొయ్యి తవ్వమన్నాడు. పదిమంది దిగి పలుగులతో, చేతులతో తవ్వారు. ఎవరో ఒక పెద్ద వెదురు గంప తెచ్చారు. గంపని గోతిలో దించి, దాంట్లో జల్లెడ పెట్టారు. గంప బురదని ఆపింది, గోతిలోకి నీళ్లు ఊరాయి, జల్లెడ పూర్తిగా మునిగింది. సిబ్బందిలో పెద్దాయన గొట్టం అతుకులు ఒక్కొక్కటీ మళ్లీ బిగించి, "ఇప్పుడు" అన్నాడు. పంపు చప్పుడు మారింది. నాన్న నా వైపు చూశాడు. ధార కనబడక ముందే ఇద్దరికీ తెలిసిపోయింది.

సగం వీధి కాలిపోయింది, సగం మిగిలింది. మనుషులకి ఏమీ కాలేదు. మేనత్త ఇల్లు పోయింది. పెట్టెలో బట్టలు, గాదెలో ధాన్యం, గోడకున్న తాతగారి ఫోటో. అత్త ఏడవలేదు. బురద కాళ్లతో నిలబడ్డ సిబ్బంది అందరికీ మజ్జిగ పోసి, అప్పుడు గట్టు మీద కూర్చుంది.

ఆ రోజు నుంచి ఫైర్ సర్వీసు వాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఆ తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. దాంట్లో పత్తి బేళ్లూ మందుగుండూ రెండూ ఉన్నాయి. పత్తికి నిప్పంటుకుందని ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వారోత్సవాల్లో బండిని బయట పెట్టి పిల్లలకి చూపిస్తారు. నేను మనవడితో వెళ్తాను. వాడు సైరన్ దగ్గరికి పోతాడు, నేను పంపు వెనక్కి పోతాను.

మావయ్య రిటైరయ్యాక ఆవిరి పోయి చిన్న డీజిల్ ఇంజన్లు వచ్చాయి. 2004లో చిన్న పట్టాలు తీసేశారు. 2011కి గుణుపురం వరకు పెద్ద లైను పూర్తయింది. ఇప్పుడు దూర ప్రయాణం సుఖంగా ఉంది, సామాన్లు మార్చుకునే బాధ లేదు. మావయ్య కొత్త బండి ఎక్కి పాతపట్నం దాకా వెళ్లొచ్చాడు. ఎలా ఉందని అడిగితే, "బాగుంది. మంచినీళ్ల కోసం ఎక్కడా ఆగలేదు" అన్నాడు.

ఇప్పుడు మా వీధిలో తాటాకు ఇల్లు ఒక్కటీ లేదు. కానీ గ్యాసు సిలిండర్లున్నాయి, ఏసీలున్నాయి, సందులు ఇంకా ఇరుకయ్యాయి. నూతుల మీద బండలు పరిచేశారు. అందరికీ బోర్లున్నాయి, కరెంటు పోతే బోరు నీళ్లివ్వదు, మంటలంటుకుంటే ముందు తీసేసేది కరెంటే. కాబట్టి ఫైరింజన్‌కి రెండో విడత నీళ్లు కావాలంటే మళ్లీ చెరువే గతి. మొన్న వారోత్సవాల్లో ఫైర్ స్టేషన్ వాళ్లని ఇదే అడిగాను. వాళ్లకి ప్రతి చెరువూ తెలుసు, ఎక్కడ బండి గట్టెక్కగలదో కూడా తెలుసు. మా వీధి చెరువుకి ఒక్క చోటే వీలుందట. అక్కడ గట్టు గట్టిగా ఉంది, నీళ్లు గొట్టానికి అందే ఎత్తులో ఉంటాయి, లారీ తిరగడానికి జాగా ఉంది. వీధిలో పెద్దల్ని కూర్చోబెట్టి, ఆ జాగా ఖాళీగా ఉంచాలని చెప్పాను. నలుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇల్లు కడుతున్నాం కదా అన్నారు. వేసవి వచ్చే ముందు ఆ మూల పూడిక తీయించడానికి చందాలు మొదలయ్యాయి. ఆ జాగాలో ఎవరూ ఇసక కుప్పలూ ఇటికలూ దించకుండా చూసే పని ప్రస్తుతానికి నాది.